నోరులేని జీవాన్ని అడగడమెలా?

పన్ను నొప్పి పుడితే మనం బుగ్గ పట్టుకుని చెప్పేస్తాం. పసిబిడ్డకి చెవిపోటు వస్తే చెవి పీక్కుంటూ ఏడుస్తుంది, తల్లి పోల్చుకుంటుంది. మరి కుక్కకి? గొర్రెకి? ఎద్దుకి? వాటిని మనం 'నోరులేని జీవాలు' అంటాం. నిజానికి నోరు లేకేం! మా ఊరి కుక్కలకున్నంత నోరు ఊళ్లో ఇంకెవరికీ లేదు. లేనిదల్లా మాట. 'ఇక్కడ ముట్టుకుంటే తెలుస్తోందా?' అని అడిగితే 'ఆఁ తెలుస్తోంది' అనో, 'ఊహూఁ, మొద్దుబారింది' అనో చెప్పే మాట.

జర్నలిజం డిప్లొమాలో మొదటివారం మాకు నేర్పింది ప్రశ్నలు వేయడమే. ఎవరు, ఏమిటి, ఎక్కడ, ఎప్పుడు, ఎందుకు, ఎలా... ఈ ఆరింటితోనే ఇన్నేళ్లుగా బండి లాగుతున్నాను. మంత్రుల్ని అడిగాను, మేస్త్రీల్ని అడిగాను. చెప్పేవాళ్లు చెప్పారు, దాటేసేవాళ్లు దాటేశారు. జవాబు చెప్పే మాటే లేనివాళ్లని అడిగే విద్య కూడా ఒకటుందని మాత్రం మా పెదనాన్న కుక్క వల్ల తెలిసింది. దాని పేరు కర్రోడు.

మూతి పక్కకి పోయింది!

మాది గిద్దలూరు దగ్గర, నల్లమల కొండలు కనపడే ఊరు. 1970లో ప్రకాశం జిల్లా పుట్టేదాకా గిద్దలూరు, మార్కాపురం కర్నూలు జిల్లావే. అందుకే మా యాసలో సగం కోస్తా, సగం సీమ. పెదనాన్నకి నలభై గొర్రెలు. వాటి వెంట కర్రోడు. పేరుకి తగ్గట్టు నల్లగా ఉంటాడు. మంద బయల్దేరితే ముందు వాడు, వెనక పెదనాన్న. ఆకాశంలో మబ్బు లేకపోయినా పెదనాన్న భుజాన గొడుగుంటుంది. ఆ గొడుగు కన్నా నమ్మకమైన తోడు కర్రోడు.

మూడేళ్ల కిందట సంక్రాంతికి ఊరెళ్లాను. కనుమ నాడు పొద్దున్నే పెద్దమ్మ పెరట్లోంచి కేకేసింది. వెళ్లి చూస్తే కర్రోడి ముఖం సగం జారిపోయి ఉంది. కుడివైపు పెదవి వేలాడుతోంది, అటునుంచి సొంగ కారుతోంది. కుడి చెవి వాలిపోయింది. ఎడమ కన్ను మూసి తెరుస్తున్నాడు, కుడి కన్ను మాత్రం తెరిచింది తెరిచినట్టే ఉంది. సంగటి ముద్ద వేస్తే నములుతున్నాడు కానీ సగం కుడిమూల నుంచి కింద పడిపోతోంది.

ఊరన్నాక కబురు నిమిషాల్లో పాకుతుంది. పది గంటలకల్లా మా వాకిట్లో పదిమంది.

"సొంగ కారతా ఉందంటే పిచ్చే సామీ!"

"పిల్లోళ్లు తిరిగే చోటు. పొద్దు గూకేలోపు ఏదో ఒకటి చెయ్యాల."

ఆ 'ఏదో ఒకటి' ఏమిటో అందరికీ తెలుసు. వాళ్లలో ఒకాయన చేతిలో అప్పటికే దుడ్డుకర్ర ఉంది. వాళ్లని తప్పుపట్టడానికి లేదు. పిచ్చికుక్క కరిచి మనిషి పోయిన కథ మా వైపు ప్రతి ఊళ్లోనూ ఒకటి ఉంటుంది. రేబిస్ లక్షణాలు బయటపడ్డాక మనిషి బతకడం దాదాపు అసాధ్యం. ఆ భయం మూఢనమ్మకం కాదు, అనుభవం.

పెదనాన్న ఏమీ మాట్లాడలేదు. కొట్టం గుంజకి ఆనుకుని నిలబడ్డాడు. నా వైపు చూసి, "ఏమ్మే, నువ్వు పేపరోళ్లతో తిరుగుతావు గదా... డాకటేరు ఎవురన్నా ఒకసారి చూసి చెప్తే... ఆమీన కొట్టమంటే నేనే కొడతా" అన్నాడు.

పండగ రోజైనా ఓ పశువైద్యుడు మోటారు సైకిల్ మీద వచ్చారు. ఆయన పేరు రాయొద్దన్నారు కాబట్టి డాక్టరుగారనే అంటాను.

దూరం నుంచి అయిదు ప్రశ్నలు

ఆయన వస్తూనే కుక్క దగ్గరికి వెళ్లలేదు. అరుగు మీద కూర్చుని ముందు మమ్మల్నే అడిగారు. ఈమధ్య వేరే కుక్క గానీ, నక్క గానీ కరిచిందా? టీకా వేయించారా? ఎవరినైనా కరిచాడా, ఎవరైనా నోట్లో చెయ్యి పెట్టారా? మొరుగులో మార్పుందా? నీళ్లు తాగుతున్నాడా?

టీకా వేయించాం. ఏటా జులై 6న జూనోసిస్ దినం పేరుతో పశువుల ఆసుపత్రుల్లో ఉచితంగా రేబిస్ టీకాలు వేస్తారు. 1885లో అదే రోజున లూయీ పాశ్చర్ కుక్క కరిచిన ఒక పిల్లాడికి మొదటిసారి ఆ టీకా వేశాడు, దాని గుర్తుగానే ఈ దినం. పెద్దమ్మ గూట్లోంచి టీకా కార్డు తీసుకొచ్చి ఇచ్చింది. రేషన్ కార్డుతో పాటు దాన్నీ దాచింది మహాతల్లి!

"నోరు వేలాడేసిన కుక్క గొంతులో బొమిక ఇరుక్కుందేమో అని చెయ్యి పెట్టేస్తారమ్మా. అంతకన్నా ప్రమాదం లేదు" అన్నారు డాక్టరుగారు. రేబిస్ అనగానే మనకి మీదపడి కరిచే కుక్కే గుర్తొస్తుంది. కానీ దాంట్లో ఇంకో రకం ఉంది. కుక్క మీదకి రాదు. ఓ మూల మత్తుగా పడి ఉంటుంది. కింది దవడ వేలాడిపోతుంది. మింగలేదు, సొంగ కారుతుంది. జాలిపడి దగ్గరికెళ్లిన వాళ్లే దానికి దొరికిపోతారు.

"మీవాడి దవడ చూడండి" అంటూ దూరం నుంచే చూపించారు. కర్రోడు నములుతున్నాడు. దవడ గట్టిగానే మూసుకుంటోంది. జారింది పెదవి, దవడ కాదు. అదీ ఒకవైపే. "దవడని కదిపేది ఐదో నరం. పెదవిని, రెప్పని, చెవిని కదిపేది ఏడో నరం. ఇక్కడ దెబ్బతిన్నది ఏడోది. అలాగని రేబిస్ కాదని ఇప్పుడే రాసివ్వను. పది రోజులు విడిగా కట్టేయండి. పిల్లల్ని దగ్గరికి రానివ్వద్దు. రేబిస్ అయితే ఈ పది రోజుల్లోనే తేలిపోతుంది."

దుడ్డుకర్ర ఆయన కర్ర గోడకి ఆనించాడు. పది రోజులు గడువు దొరికింది.

వచ్చే దారి, పోయే దారి

మెదడు నుంచి పన్నెండు జతల నరాలు నేరుగా బయల్దేరతాయి. మనకైనా, కుక్కకైనా అంతే. ముఖం విషయంలో ముఖ్యమైనవి రెండు. ఐదోది ట్రైజెమినల్ నరం. మూడు పాయలుగా చీలి నుదురు, బుగ్గ, దవడల మీద తాకిన ప్రతి స్పర్శనీ మెదడుకి మోస్తుంది. నమిలే కండరాలని నడిపేదీ ఇదే. ఏడోది ఫేషియల్ నరం. ఇది ప్రధానంగా పోయే దారి. మెదడు ఇచ్చిన ఆజ్ఞల్ని ముఖ కండరాలకి చేరుస్తుంది. మనం నవ్వినా, కన్నుగీటినా, కుక్క చెవులు రిక్కించినా అంతా దీని చలవే.

ఈ తేడా తేలడానికి చాలాకాలం పట్టింది. 1821లో చార్లెస్ బెల్ అనే శస్త్రవైద్యుడు లండన్ రాయల్ సొసైటీకి ఒక పత్రం సమర్పించాడు. గాడిదల ముఖంలో ఈ రెండు నరాల్నీ విడివిడిగా కోసి ఏమవుతుందో చూశాడు. ఒకటి తెగితే ముఖం కదలడం మానేసింది, ఇంకోటి తెగితే స్పర్శ పోయింది. ఆయన చెప్పిన వాటిలో కొన్ని పొరపాట్లని తర్వాతి వాళ్లు సరిదిద్దారు. మనుషుల్లో ఉన్నట్టుండి మూతి వంకరపోయే జబ్బుని ఇప్పటికీ 'బెల్స్ పాల్సీ' అంటున్నది ఆయన పేరు మీదే. ఈథర్ మత్తుతో ఆపరేషన్ చేయొచ్చని లోకానికి తెలిసింది 1846లో. ఆ గాడిదల సంగతి తల్చుకుంటే ఒళ్లు గగుర్పొడుస్తుంది. నోరులేని జీవాన్ని మనిషి అడిగిన తొలి పద్ధతి అదీ. కత్తితో!

కరెంటుతో అడగడం ఆ తర్వాతి మెట్టు. ఇటలీలో గాల్వానీ చచ్చిన కప్ప కాలు విద్యుత్తుకి ఎగిరిపడటం చూసి 1791లో ఆ సంగతి అచ్చువేశాడు. ఫ్రాన్సులో డ్యుషెన్ అనే వైద్యుడు మనుషుల ముఖాల మీద విద్యుత్ కడ్డీలు ఆనించి, ఏ కండరం కదిలితే ఏ భావం పుడుతుందో ఫొటోలు తీసి 1862లో పుస్తకం వేశాడు. అందులో ఎక్కువగా కనిపించేది ఒక ముసలాయన. ఆయన్నే ఎందుకు ఎంచుకున్నాడంటే, ఆయన ముఖానికి స్పర్శ దాదాపు లేదు. కరెంటు పెట్టినా నొప్పి తెలియదు, కండరాలు మాత్రం కదులుతాయి. వచ్చే దారి మూసుకుపోయినా పోయే దారి తెరిచే ఉంటుందనడానికి అంతకు మించిన రుజువేముంది!

మా కర్రోడిది సరిగ్గా దీనికి తిరగేసిన కథ. అదెలా తెలిసిందో చెబుతాను.

చెవి లోపల ఒక కిటికీ

మూడో రోజు డాక్టరుగారు మళ్లీ వచ్చారు. ఈసారి మందపాటి చేతితొడుగులు, మూతికి కట్టే పట్టీ తెచ్చారు. దూదిని సన్నగా పేని కుడి కంటి గుడ్డు అంచున తాకించారు. రెప్ప కదల్లేదు. కానీ కన్నుగుడ్డు లోపలికి జరిగింది, ముక్కువైపు మూల నుంచి తెల్లటి పొర ఒకటి అడ్డంగా వచ్చి వెళ్లింది. కుక్కలకి మూడో రెప్ప ఉంటుంది, అది. కర్రోడు తల కూడా వెనక్కి లాక్కున్నాడు.

"చూశారా! తాకిన సంగతి వాడికి తెలిసింది. ఐదో నరం బాగుంది. రెప్ప మూయాలని మెదడు చెప్పే ఉంటుంది. ఆ మాట చేరలేదు" అన్నారాయన.

అంతవరకు నాకూ అర్థమైంది. తర్వాత ఆయన చేసిందే విచిత్రం. కుడి చెవిని ఎత్తి పట్టుకుని, దొప్ప లోపల వెంట్రుకలు పల్చగా ఉండే చోట అదే దూదితో సన్నగా గీశారు. కర్రోడిలో చలనం లేదు. ఎడమ చెవిలో గీయగానే చెవి టపటప కొట్టుకుంది, తల విదిలించాడు. మళ్లీ కుడిచెవి. మళ్లీ ఏమీ లేదు.

"కుడి చెవిని కదిపే నరమే పని చేయట్లేదు కదా సార్, ఇక ఎలా కదులుతుంది?" అన్నాను.

"చెవి కదలకపోవడం సరే. తల ఎందుకు తిప్పలేదు? మెడకి ఈ నరంతో పనిలేదు కదా! కంటి దగ్గర తాకితే లాక్కున్న తలే కదా ఇది!"

అప్పుడు చెప్పారు అసలు విషయం. ఏడో నరం ప్రధానంగా పోయే దారే అయినా, కుక్కలో దానికి చర్మం మీద స్పర్శ మోసే చిన్న వాటా ఒకటుంది. చెవి దొప్ప లోపలి వైపు. చెవి వెనక భాగం మెడ నుంచి వచ్చే నరానిది. ముందు అంచు ఐదో నరానిది. ఆ లోపలి చోటులో మాత్రం పెత్తనం ఏడోదే. 1983లో వేలెన్, కిచెల్ అనే పరిశోధకులు ఈ సంగతిని కుక్కల మీద విద్యుత్ పద్ధతులతో, ప్రవర్తనా పరీక్షలతో పరిశీలించి అమెరికా పశువైద్య పరిశోధన పత్రికలో ప్రచురించారు. కుక్క తల మీద చర్మాన్ని ఏ నరం ఎంతమేర ఏలుతుందో, పొలాలకి సర్వే రాళ్లు పాతినట్టు హద్దులు గీసిన పని అది.

ఎందుకింత పట్టింపు అంటారా? కదలిక పోవడానికి కారణాలు చాలా ఉండొచ్చు. కండరం చెడిపోవచ్చు, చివర ఒక చిన్న పాయ తెగిపోవచ్చు. కానీ కదలికతో పాటు చెవి లోపలి స్పర్శ కూడా పోయిందంటే, దెబ్బ ఆ నరం కొమ్మలుగా చీలకముందే, పైనెక్కడో తగిలిందని అర్థం. ఎముకలో, మధ్య చెవిని ఆనుకుని నరం వచ్చే దారిలో అన్నమాట. చెవి లోపలి ఆ చోటు ఏడో నరాన్ని నేరుగా పలకరించడానికి ఉన్న ఒకే ఒక్క కిటికీ.

నరం గొంతు వినడం

దూదితో చేసిందాన్నే యంత్రంతో, అంకెల్లో చేయొచ్చు. ఆ పరీక్ష కర్రోడికి చేయలేదు. ఆ పరికరం, దాన్ని చదవగలిగిన నిపుణులు పెద్ద పశువైద్య కళాశాలల్లో దొరకాలి తప్ప మా వైపు ఎక్కడుంటారు? "కుక్కకి కరెంటు పెడతారా!" అని పెదనాన్న నోరెళ్లబెట్టాడు. కానీ నాకు ఆసక్తి పుట్టింది. తిరిగొచ్చాక చదివాను. అర్థంకానివి డాక్టరుగారికి ఫోన్ చేసి విసిగించాను.

ముందుగా కుక్కకి మత్తు ఇస్తారు. ఒళ్లు వెచ్చగా ఉండేలా కప్పుతారు. ఇది ముద్దుకి కాదు. ఒళ్లు చల్లబడితే నరంలో సంకేతం మెల్లగా నడుస్తుంది, బాగున్న నరం కూడా జబ్బుపడ్డట్టు కనిపిస్తుంది. తర్వాత చర్మం కింద సన్నని సూదులు గుచ్చుతారు. ఒకచోట సెకనులో వెయ్యోవంతు కన్నా తక్కువసేపు చిన్న విద్యుత్ తాకిడి. ఇంకోచోట జవాబు కోసం ఎదురుచూపు.

అడిగే తీరు మూడు రకాలు. ఏడో నరాన్నే తాకి, కండరం కదిలిందో లేదో చూడటం ఒకటి. ఇది పోయే దారిని తనిఖీ చేస్తుంది. ఇందులో ఒక తిరకాసుంది. నరం పైన తెగినా, తెగిన చోటుకి కింద మిగిలిన ముక్క కొన్ని రోజులపాటు కరెంటుకి జవాబు చెబుతూనే ఉంటుంది. తొందరపడి మొదటిరోజే పరీక్షించి 'అంతా బాగుంది' అనుకుంటే మోసపోతాం. రెండోది, కంటిపైన ఐదో నరాన్ని తాకి, రెప్ప కండరం దగ్గర జవాబు వినడం. వచ్చే దారి, మెదడు కాండం, పోయే దారి... మొత్తం చుట్టు తిరిగి వస్తుంది సంకేతం. మనుషుల్లో దీన్ని 1952లో స్వీడన్‌కి చెందిన కూగెల్‌బెర్గ్ కరెంటుతో నమోదు చేశాడు. నుదుటి మీద తాకిడి ఇస్తే సుమారు 10 మిల్లీసెకన్లకి తాకిన వైపు మొదటి స్పందన వస్తుంది. సుమారు 30 మిల్లీసెకన్లకి రెండు కళ్లలోనూ రెండో స్పందన. మనం 'రెప్పపాటు' అంటే అదే అతి చిన్న కాలం అనుకుంటాం కదా! రెప్ప పూర్తిగా పడి లేచేలోపు లోపల ఇంత రాయబారం నడిచిపోతుంది.

మూడోదే అన్నిటికన్నా కష్టం. ఏడో నరం మోసే ఆ కాస్త స్పర్శని వినడం. చెవి లోపల తాకితే నరం వెంట వెళ్లే సంకేతం మైక్రోవోల్టుల్లో ఉంటుంది. మన టార్చిలైటు బ్యాటరీ ఒకటిన్నర వోల్టు. అందులో పది లక్షల వంతుల లెక్కలో మాట్లాడుతున్నామన్నమాట. పక్కన కండరాల చప్పుడు, గదిలో కరెంటు తీగల గోల... వాటి మధ్య ఈ గుసగుస ఎలా వినపడాలి?

ఉపాయం ఏమిటంటే, ఒకే ప్రశ్నని వందలసార్లు అడగడం. మార్కాపురం చెన్నకేశవస్వామి తిరునాళ్లలో మీ పిల్లాడు తప్పిపోయాడనుకోండి. జనం గోల క్షణానికోరకంగా ఉంటుంది. మీ పిల్లాడు మాత్రం ప్రతిసారీ ఒకే మాటే పిలుస్తాడు, 'అమ్మా' అని. ఆ చప్పుళ్లన్నీ ఒకదాని మీద ఒకటి పేర్చగలిగితే, పొంతనలేని గోలంతా ఒకదాన్నొకటి కొట్టేసుకుంటుంది, ఆ పిలుపు పైకి తేలుతుంది. యంత్రం చేసేది అదే. వంద జవాబుల్ని సగటు తీస్తే గోల పదో వంతుకి తగ్గుతుంది. అప్పుడు తెర మీద చిన్న గుబ్బలా లేస్తుంది నరం గొంతు. గుబ్బ ఎత్తు చూసి ఎన్ని తంతువులు బతికున్నాయో అంచనా వేస్తారు. వచ్చిన వేళ చూసి ఎంత వేగంగా నడిచిందో లెక్కిస్తారు.

మా మార్కాపురం పలకల గనుల్లో రాయిని తట్టి చూడటం గుర్తొచ్చింది నాకు. బాగున్న పలక ఖంగుమంటుంది. లోపల పగులుంటే బొదబొదమంటుంది. రాయిని పగలగొట్టకుండానే కడుపులో మాట తెలుసుకోవడం అది. బెల్ కత్తికీ ఈ సూదికీ ఉన్న తేడా కూడా అదే. ఇప్పుడు మన దేశంలో జంతువుల మీద ఏ ప్రయోగం చేయాలన్నా 1960 నాటి జంతుహింస నివారణ చట్టం కింద నియమాలున్నాయి, సంస్థల్లో నైతిక కమిటీల అనుమతి కావాలి, నొప్పి తెలియకుండా మత్తు ఇవ్వాలి. అడిగే హక్కు మనకుందంటే, నొప్పించకుండా అడిగే బాధ్యతా మనదే.

గడ్డి ముల్లు చేసిన పని

పదిరోజులు గడిచాయి. కర్రోడు చావలేదు. తిండి మానలేదు, గొంతు మారలేదు. పదకొండో రోజు డాక్టరుగారు మత్తిచ్చి కుడిచెవిలోకి లైటు గొట్టం పెట్టి చూశారు. లోపల చీము. ఆ చీములో పంచెకి, చీర కుచ్చిళ్లకి అంటుకునే ఎండుగడ్డి ముల్లు ఒకటి. శ్రావణంతో దాన్ని బయటికి లాగి దూది మీద పెట్టి చూపించారు. వేలి గోరంత కూడా లేదు. ఇంత ముల్లు లోపలికి పాకి చెవిని కుళ్లబెట్టింది, ఆ వాపు పక్కనే పోతున్న నరాన్ని నొక్కేసింది. దాని మూలాన ఊరంతా కర్ర పట్టుకుంది.

కుక్కల్లో ఏడో నరం పడిపోవడానికి చాలాసార్లు కారణమే దొరకదట. దొరికే కారణాల్లో చెవి లోపలి చీము ముఖ్యమైనది. చెవిలో మందు, మాత్రలు రాసిచ్చారు. కంట్లో రోజుకి నాలుగుసార్లు చుక్కలు వేయమన్నారు. రెప్ప పడని కన్ను ఎండిపోతుంది. పైగా కన్నీటి గ్రంథికి ఆజ్ఞలు మోసేదీ ఈ ఏడో నరమే కాబట్టి ఏడవడానికి నీళ్లు కూడా సరిగా రావు. ఆ చుక్కల మందు వేసే పని పెద్దమ్మది. "నా మనవళ్లకి కూడా ఇంత సేవ చెయ్యలేదు" అని సణుగుతూనే వేసింది.

ఇదంతా ఒక కుక్క గొడవే కదా అనిపించొచ్చు. అందుకే మనుషుల సంగతి కూడా చెప్పాలి. మా ఊళ్లో మనిషికి మూతి వంకరపోతే 'గాలి కొట్టింది' అంటారు. ఆకు పసరు పోయించుకోవడానికి బస్సెక్కిస్తారు. అక్కడ పోయేది కాలం. నుదురు ముడతలు కూడా పడకుండా ముఖం ఒకవైపు మొత్తం పడిపోతే ఏడో నరం దెబ్బతిని ఉండొచ్చు. బెల్స్ పాల్సీ అయితే మొదటి మూడు రోజుల్లో మందు మొదలుపెడితే కోలుకునే అవకాశం బాగా ఎక్కువ. నుదురు ముడతపడుతూ మూతి మాత్రమే జారినా, చెయ్యి పడిపోయినా, మాట తడబడినా అది పక్షవాతం కావచ్చు. అక్కడ గంటలు కూడా లెక్కే. ఏదైనా సరే, తేల్చాల్సింది మనం కాదు. నేరుగా ఆసుపత్రికే వెళ్లాలి. కుక్క కరిస్తే గాయాన్ని సబ్బుతో, ధారగా పడే నీళ్లతో పదిహేను నిమిషాలు కడిగి, అదేరోజు టీకాకి వెళ్లాలి. పసుపు, సున్నం, కారం ఏవీ వద్దు.

జీవాల ఒంటిని చదవడం మనుషులకి కూడా ఎంత అవసరమో చెప్పడానికి మా ప్రాంతం కన్నా మంచి ఉదాహరణ లేదు. ఫ్లోరైడు నీళ్లతో పళ్లు గారపట్టి, నడుములు వంగి, వెన్నులో నరాలు నొక్కుకుపోయి మా వైపు ఎంతమంది బతుకులు కుంగిపోయాయో మీరు వినే ఉంటారు. ఆ జబ్బుని ఫ్లోరోసిస్‌గా షార్ట్ అనే వైద్యుడు, ఆయన సహచరులు గుర్తించి రాసింది 1937లో, నాటి నెల్లూరు జిల్లాలో. అంతకు మూడేళ్ల ముందే, 1934లో, హైదరాబాద్ సంస్థానంలో అలాంటి జబ్బే పశువుల్లో ఉందని ఒక నివేదిక వచ్చింది. అదే నీళ్లు తాగేవాళ్లలో ముందుగా ఎవరి కీళ్లు బిగుసుకుపోతే ఏం, అది అందరికీ వచ్చిన కబురే. జీవాలు చెబుతూనే ఉంటాయి, వినే ఏర్పాటు మనమే చేసుకోవాలి.

కర్రోడు నాలుగో నెలకి కన్ను మూయగలిగాడు. చెవి కాస్త లేచింది. పెదవి మాత్రం పూర్తిగా సర్దుకోలేదు. ఇప్పటికీ నీళ్లు తాగితే కుడివైపు నుంచి కొన్ని ఒలికిపోతాయి. ఆరోజు దుడ్డుకర్ర తెచ్చినాయనే దారిన పోతూ "ఏంరా వంకరమూతోడా" అని పిలుస్తాడు. వాడు తోకూపుతాడు.

పెదనాన్న ఇప్పుడొక కొత్త అలవాటు చేసుకున్నాడు. సాయంత్రం మంద కొట్టానికి చేరగానే కర్రోడిని, వాడితో పాటు తిరిగే రెండు కుక్కపిల్లల్ని ఒళ్లోకి లాక్కుంటాడు. చెవులు తిరగేసి గడ్డి ముల్లులేమైనా ఉన్నాయేమోనని వేలితో తడిమి చూస్తాడు. తర్వాత తలపాగా కొసని పేని, దొప్ప లోపల ఒక్కసారి గీస్తాడు. కుడివైపు గీసినప్పుడు కర్రోడు తల విదిలిస్తే, "ఆఁ... తెలస్తా ఉందిలే వీడికి" అంటాడు.